రెండు గంటల దూరంలో తుతుల్

తిరుగు ప్రయాణం సంగతి ముందే చెప్పేస్తాను. కోల్‌కతాలో విమానం ఎక్కాను, నిద్రపోయాను, హైదరాబాదులో దిగాను. ఫోను చెప్పినట్టే రెండు గంటల చిల్లర పట్టింది. నన్నెవరూ పలకరించలేదు, నేనూ ఎవరినీ పలకరించలేదు. అందులో రాయడానికి ఏమీ లేదు. రాయదగ్గదంతా వెళ్ళేటప్పుడే జరిగింది.

నేను బళ్ళో సాంఘికశాస్త్రం చెబుతాను. అట్లాసు మీద స్కేలు పెట్టి ఊరికీ ఊరికీ మధ్య గీత గీయడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. హైదరాబాదుకీ కోల్‌కతాకీ మధ్య ఆకాశమార్గాన దాదాపు పన్నెండు వందల కిలోమీటర్లు. రైల్లో అయితే ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక కూడా ఇంకా కొంత దారి మిగిలే ఉంటుంది. "రెండు గంటల పనికి రెండు రోజులెందుకు?" అని ఇంట్లో అందరి ముందూ దర్జాగా విమానం టికెట్టు కొన్నాను. "ఎందుకైనా మంచిది, ఒకరోజు ముందు వెళ్ళండి" అంది మా ఆవిడ. అలాగే వెళ్ళాను. కాబట్టి తర్వాత జరిగినదానికి నన్నెవరూ ఏమీ అనడానికి లేదు. అన్నారనుకోండి, అది వేరే సంగతి.

పని ఏమిటంటే, మా పెద్దమ్మ కూతురు సత్య ఇంట్లో అన్నప్రాశన. మా పెద్దనాన్న కోల్‌కతాకి నది అవతల లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. సత్య ఆ క్వార్టర్సులోనే పుట్టి పెరిగింది. పెద్దనాన్నతోపాటు పనిచేసిన ఒక బెంగాలీ ఆయన కొడుకు అనిర్బాణ్‌ని పెళ్ళి చేసుకుని, పుట్టింటికి రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. చాలా ఏళ్ళు పిల్లలు కలగలేదు. దత్తతకు పేరిచ్చి, ఏళ్ళ తరబడి ఎదురుచూసి, ఈమధ్యే ఒక ఆడపిల్లను తెచ్చుకున్నారు. వాళ్ళింటికి వచ్చేసరికి పిల్లకు ఐదో నెల. తుతుల్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

బెంగాలీల ఇళ్ళలో బిడ్డ నోట్లో మొదటి అన్నం పెట్టాల్సింది మేనమామ. మనలోనూ మేనమామకు పెద్దపీటే గానీ, ఆయన లేకపోతే తాతో తండ్రో కానిచ్చేస్తారు. సత్య అత్తగారు మాత్రం అలా కుదరదంటే కుదరదన్నారట. సత్యకు తోడబుట్టినవాళ్ళు లేరు. మా అమ్మకు నేనొక్కణ్ణే. అంచేత తుతుల్‌కి ప్రపంచం మొత్తం మీద ఉన్న ఒకే ఒక్క మామను నేనే.

"రాకుండా ఉండకు అన్నయ్యా," అంది సత్య ఫోనులో. "అనిర్బాణ్ మేనత్త ఉంది కదా, పిషీ, ఆవిడ 'దత్తు పిల్లకి ఇవన్నీ ఏటికి' అంటంది. మిగతావాళ్ళు పైకి అనరు గానీ వాళ్ళదీ అదే మాట. ఒక్క లోటు కనబడినా, చూశారా అంటారు. నాకు భయంగా ఉంది."

సత్య భయపడటం నేనెప్పుడూ వినలేదు. చిన్నప్పుడు వేసవి సెలవులకు వస్తే మా వీధి కుక్కలు దాన్ని చూసి తప్పుకునేవి. వస్తానని మాటిచ్చాను.

శంషాబాద్

మా అమ్మ తుతుల్ కోసం వెండి గిన్నె, వెండి చెంచా ఇచ్చింది. వాటిని చేతిసంచిలో పెట్టుకున్నాను. కొత్త పంచె, చుట్టాలకు బట్టలు, పెద్దమ్మకు సున్నుండలు పెద్ద సూట్‌కేసులో వేసి విమానం కడుపులోకి పంపేశాను.

తనిఖీ దగ్గర యూనిఫారంలో ఉన్న అమ్మాయి సంచి విప్పి గిన్నె బయటికి తీసింది. "పాపకా?" అంది హిందీలో. మా చెల్లెలి కూతురికి అన్నాను. ఆ అమ్మాయి గిన్నెను నా తువ్వాలులో మళ్ళీ చుట్టి, చెంచా గీసుకోకుండా విడిగా ఒక మడతలో పెట్టి ఇచ్చింది. నేను ఇంట్లో ఉండచుట్టి కుక్కాను.

లోపల రెండు ఇడ్లీలూ ఒక టీ తీసుకుంటే నాలుగు వందలు దాటింది. ఆ డబ్బుతో మా బడి ముందు బండి దగ్గర స్టాఫు రూము మొత్తానికి టిఫిను పెట్టించవచ్చు. పైగా ఇడ్లీ బల్లకేసి కొడితే ఎగిరేలా ఉంది.

మబ్బుల పైన

పక్క సీట్లో కోల్‌కతా పెద్దాయన. హైదరాబాదులో కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళుతున్నాడు. ఒక కంటికి కట్టు, రెండో కన్ను అంతంత మాత్రం. ఆయనదే కిటికీ సీటు. నేను వద్దన్నా వినకుండా నన్ను అందులో కూర్చోబెట్టాడు. "ఉచితంగా కాదు. బయట ఏం కనబడుతోందో నాకు చెబుతూ ఉండాలి," అన్నాడు హిందీలో.

చెబుతూ వెళ్ళాను. ఎండిన నది, ఊళ్ళు, కొండలు, కాసేపు సముద్రం అంచు. ఇంకో ముప్పావు గంటలో దిగుతామనగా తూర్పున ఒక నల్లటి మబ్బు కనబడింది. దాని కింద నేల కనబడటం లేదు.

"నలుపంటే ఎంత నలుపు?" అని అడిగాడు.

"పలక నలుపు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "కాల్‌బైశాఖీ! వైశాఖంలో సాయంత్రాలు మాకు వచ్చే గాలివాన. ఇప్పుడు మా వీధిలో మామిడికాయలు రాలుతుంటాయి. పిల్లలు ఏరుకుంటుంటారు."

ఆయన మామిడికాయల ధ్యాసలో ఉండగా విమానం కుడివైపుకు ఒరిగింది. మళ్ళీ ఒరిగింది. మబ్బు మాటిమాటికీ నా కిటికీలోకి వచ్చి పోతోంది. గుండ్రంగా తిరుగుతున్నామని అర్థమయ్యేసరికి నా చేయి ఆయన చేతిలో ఉంది. ఎవరు ఎవరిది పట్టుకున్నారో చెప్పలేను. కాసేపటికి పైలట్ గొంతు వినిపించింది. కోల్‌కతాలో దిగడం కుదరదు, భువనేశ్వర్ వెళుతున్నాం అని.

భువనేశ్వర్

వాన తగ్గగానే బయల్దేరతామన్నారు. తర్వాత తెల్లవారగానే అన్నారు. ఆ రాత్రి గురించి చెప్పడానికి కుర్చీలు ఇనపవి అన్న మాట తప్ప మరేమీ లేదు. తెల్లవారాక, ఈ సిబ్బందికి డ్యూటీ గంటలు అయిపోయాయి, వేరేవాళ్ళు రావాలన్నారు. ఎప్పుడొస్తారో ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే నేను తెలివితక్కువ పని చేశాను. పొద్దున్నే రైలెక్కేస్తే పోయేది. కానీ స్కేలు పెట్టి కొలిచే బుద్ధి ఎక్కడికి పోతుంది? భువనేశ్వర్ నుంచి కోల్‌కతా విమానంలో గంట కూడా కాదు. గంట కోసం ఏడెనిమిది గంటల రైలా అని కూర్చున్నాను. అలా కూర్చునే సత్య ఫోను ఎత్తాను.

"అన్నయ్యా, చుట్టాలు వచ్చేస్తున్నారు. పూజ అయిపోయింది. మంచి గడియ మధ్యాహ్నం లోపేనంట."

"ఇంకో గంటలో..."

"నిన్న సాయంత్రం నుంచీ ఇంకో గంటే అంటన్నావు."

వెనకనుంచి వాళ్ళ అత్తగారి గొంతు వినిపించింది. బెంగాలీలో ఏదో గట్టిగా అంది. సత్య ఠక్కున ఫోను పెట్టేసింది. నన్నే తిట్టిందనుకున్నాను. ఆవిడ పట్టుదల మనిషని సత్య ముందునుంచీ చెబుతూనే ఉంది. మామ రాకపోతే ముద్దే లేదు అని ఆవిడ కూర్చుంటే, పిషీకి కావలసిందీ అదే కదా!

విమానంలోనే నా కథంతా విన్న పెద్దాయనకు నా ముఖం చూడగానే సంగతి అర్థమయింది. "లే," అన్నాడు. "స్టేషన్‌కి వెళ్ళు. హౌరా పక్కన షాలిమార్ వెళ్ళే బండి దొరుకుతుంది."

"మీరు ఒక్కరే..."

"నాకోసం ఎవరూ అన్నం ముందు పెట్టుకుని కూర్చోలేదు. నువ్వు వెళ్ళు."

సూట్‌కేసు విమానంలోనే వదిలేశాను. స్టేషన్ బయట దహీబరా ఆలూదం అమ్ముతున్నారు. పల్చటి పెరుగు నీళ్ళలో ఊరిన వడల మీద కారం కారంగా బంగాళాదుంపల కూర పోసి ఇస్తారు. మన పెరుగు వడకు తోడు బంగాళాదుంప అంటే మొదట నవ్వొచ్చింది. నలభై రూపాయలకు దొన్నె నిండా. దిగులులో ఉన్నా రెండోసారి వేయించుకున్నాను. దిగులు దిగులే, ఆకలి ఆకలే.

గౌరమ్మ సీటు

బండి హైదరాబాదు నుంచే వస్తోంది. నేను నిన్న బయల్దేరిన ఊరి నుంచే, నన్ను వెటకారం చేయడానికి వచ్చినట్టు. టీసీ జరిమానాతో టికెట్టు రాశాడు గానీ సీటు ఇవ్వలేకపోయాడు. తలుపు దగ్గర నిలబడి సత్యకు ఫోను చేస్తుంటే పక్కనుంచి ఎవరో పిలిచారు.

"ఏటి బాబూ, నిలబడ్డావేటి? రా, ఇలా కూకో."

యాభై దాటిన మనిషి. ముక్కుకు రెండువైపులా పుడకలు, ఒళ్ళో మూట. పేరు గౌరమ్మ. పలాస దగ్గర ఊరు, బతుకు కోల్‌కతాలో. "మా అత్త కార్పొరేసన్ల ఊడిసీది. ఇప్పుడు నాను. వాట్‌గంజ్ అవతల ఉంటాం. ఊర్ల అమ్మోరి పండగని ఎల్లినాను."

"నేను తెలుగువాణ్ణని ఎలా తెలిసింది?"

"ఫోనుల 'అయ్యో అయ్యో' అంటన్నావు కాదా. బెంగాలోలు అలాగనరు."

మూట విప్పి చద్దన్నం, ఎండుచేప వేపుడు నా ముందు పెట్టింది. ఆకుమీద రెండు చేపముక్కలు పడ్డాయో లేదో, ఝాల్‌ముడీ అమ్మేవాడు వచ్చాడు. "ఓ దాదా, ఝాల్ కమ్ దియో, బాబుకి కడుపునొప్పి ఒస్తాది" అని, కారం తగ్గించమని సగం ఆ భాష సగం మన భాషలో చెప్పింది. వాడికి అంతా అర్థమయింది. మరమరాలు, ఆవనూనె, పచ్చిమిర్చి, కొబ్బరి ముక్కలు. మన బొరుగుల మిక్చరులో ఆవనూనె వేస్తే ఊళ్ళో పంచాయితీ పెడతారు. ఇక్కడ అది లేకపోతే పెడతారట. ఇరవై రూపాయల పొట్లం ఇద్దరికీ సరిపోయింది.

ఎందుకంత కంగారుగా ఉన్నావని అడిగింది. చెప్పాను. మామ, మొదటి ముద్ద, గాలివాన, అన్నీ. చివర కొంచెం గొంతు తగ్గించి, పిల్లను తెచ్చుకున్నారని కూడా చెప్పాను. ఎందుకు తగ్గించానో నాకే తెలియదు.

గౌరమ్మ తినడం ఆపింది.

"అయితే మరీ బేగెల్లాల బాబూ," అంది. "కన్నపిల్లయితే ఓ పూట ఆలీసమైనా పర్లేదు. ఎవులూ ఏటీ అనరు. తెచ్చుకున్న పిల్లకి ఆలీసం సెయ్యకూడదు. నోకం మాటనడానికి కాసుక్కూకుంటాది."

ఆ తర్వాత ప్రతి స్టేషన్లో బండి ఆగినప్పుడల్లా నాకంటే ముందు ఆవిడే విసుక్కుంది. బాలాసోర్‌లో సిగ్నల్ కోసం నిలిపేస్తే కిటికీలోంచి తల బయటపెట్టి ఇంజనును తిట్టింది. ఖరగ్‌పూర్‌లో టీ అమ్మే ఆయన తెలుగులో చిల్లర అడిగాడు. అక్కడ మనవాళ్ళు రైల్వే పనులకొచ్చి తరాలుగా ఉండిపోయారట. మధ్యాహ్నం ఎప్పుడో దాటిపోయింది. మంచి గడియ పోయింది. సత్య ఫోను ఎత్తడం మానేసింది. అప్పుడు నిజంగానే బండి దిగి వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. గౌరమ్మకు అదే చెప్పాను.

"ఎల్లిపో," అంది. "రేపు ఆ పిల్ల పెద్దదయ్యి, మామా నా అన్నానికి నువ్వు ఎందుకు రాలేదు అంటే, గడియ దాటిపోయిందమ్మా, అందుకని దిగిపోయినాను అని సెప్పు."

సంచి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

షాలిమార్

గూడ్సు పెట్టెల వరసల మధ్యనుంచి బండి పాక్కుంటూ స్టేషన్లోకి వెళ్ళింది. సాయంత్రం ఎండ పచ్చగా ఉంది. బయట టాక్సీవాడు లిలువాకు ఎనిమిది వందలు అడిగాడు. గౌరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని అతనికి తుతుల్ కథంతా బెంగాలీలో చెప్పింది. 'మామా' అన్న మాట వచ్చినప్పుడల్లా నావైపు వేలు చూపించింది. అతను ఐదు వందలకు ఒప్పుకోవడమే కాక, నా సంచి తనే తీసి సీటులో పెట్టాడు.

"పాయిసంల ఎయ్యమను," అని మూటలోంచి గుప్పెడు జీడిపప్పు తీసి నా చేతిరుమాలులో కట్టింది గౌరమ్మ. తర్వాత నది దాటించే లాంచీ కోసం గబగబా వెళ్ళిపోయింది. ఫోను నంబరైనా అడగలేదు నేను.

దారి పొడవునా విరిగిన కొమ్మలు. ప్రతి మలుపులో రాలిన మామిడికాయలు కుప్పలు పోసి చవగ్గా అమ్ముతున్నారు. కట్టు కట్టిన కంటితో పెద్దాయన ఇల్లు చేరాడో లేదో అనుకున్నాను.

లిలువా

సత్య వాళ్ళ ఇంటి ముందు షామియానా కింద బల్లలు ఖాళీగా ఉన్నాయి. భోజనాలు ఎప్పుడో అయిపోయాయి. గుమ్మంలో మా పెద్దమ్మ.

"వచ్చీసినావా నాయనా! ఏటయిపోయావురా!" అని నా రెండు చెంపలూ పట్టుకుంది.

లోపల హాల్లో పదీ పదిహేను మంది మిగిలారు. సత్య ఎర్రటి చీరలో గోడకానుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేల మీద ముగ్గు, పీట, దాని ముందు పెద్ద కంచంలో అన్నం, ఐదు రకాల వేపుళ్ళు, పాయసం, ఒక చేప తల. అన్నీ మూతపెట్టి ఉంచారు. ఫ్యాను కింద కుర్చీలో పిషీ. ఆవిడ మెల్లగానే అంది గానీ హాలంతా వినబడింది. బెంగాలీ నాకు పెద్దగా రాదు. పెద్దమ్మ చెవిలో చెప్పింది. "గడియ దాటిపోయింది, ఇప్పుడు పెట్టినా లెక్కకి రాదంటంది. ఎలాగూ ఆ ఆశ్రమంల అన్నం తినీసే ఉంటాది, ఇదేం మొదటి ముద్ద అంటంది."

అనిర్బాణ్ నేలచూపులు చూశాడు. సత్య ముఖం చూడలేకపోయాను.

అప్పుడు లోపలి గదిలోంచి వాళ్ళ అత్తగారు తుతుల్‌ని ఎత్తుకుని వచ్చింది. నాన్నమ్మని అక్కడ ఠాకుమా అంటారు. తెల్లచీర, బక్కపల్చటి మనిషి. ఇంతసేపూ నేను భయపడింది ఈవిడకా అనిపించింది. పిషీ ముందు నిలబడి, ఒక్కో మాటా నిదానంగా, నాకు కూడా తెలియాలన్నట్టు చెప్పింది. సత్య నాకు తెలుగులో చెప్పింది.

"దిదీ, ఈ పిల్ల మనింటికి వచ్చిన రోజు పంచాంగం చూశామా? తను వచ్చింది కాబట్టి అది మంచిరోజయింది. మామ వచ్చాడు. ఇది మంచి గడియ."

తర్వాత నావైపు తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. నా చొక్కా మీద రెండు రాష్ట్రాల దుమ్ము, ఝాల్‌ముడీ ఆవనూనె. స్నానాల గది చూపించింది. బయటికి వచ్చేసరికి చనిపోయిన తన భర్తదట, కోరారంగు పట్టు పంజాబీ, వాళ్ళు లాల్చీని అలాగే అంటారు, పట్టుకుని నిలబడి ఉంది. చేతులు నాకు జానెడు పొడుగు. ఆవిడే వాటిని మడిచి పెట్టింది. పొద్దున ఫోనులో ఏమన్నారని సత్యను అడిగాను. "నిన్ను కాదు. 'ఆ ఫోను పెట్టీ, మనిషిని కంగారు పెట్టకు, వస్తాడు' అని నన్ను తిట్టారు," అంది.

పీట మీద కూర్చున్నాను. తుతుల్‌ని నా ఒళ్ళో పెట్టారు. నుదుటి మీద చందనం చుక్కలు, తల మీద జారిపోతున్న చిన్న కిరీటం. పిల్ల బరువుగా, వెచ్చగా ఉంది. తల వెనక్కి వాల్చి నా ముఖంలోకి చూసింది, ఏ తొందరా లేకుండా. అమ్మ ఇచ్చిన గిన్నెలో పాయసం పోశారు. ఆడవాళ్ళు నాలుకలాడించి ఉలూధ్వని చేశారు, ఎవరో శంఖం ఊదారు. పిల్లా నేనూ ఇద్దరమూ ఉలిక్కిపడ్డాం.

చెంచా పెదాలకు తాకించాను. గట్టిగా మూసేసుకుంది. మళ్ళీ పెట్టాను. తల తిప్పేసుకుంది. ఏం చేయాలో తెలియక నేనే నోరు బార్లా తెరిచి "ఆఁ" అన్నాను. నాతోపాటు పెద్దమ్మ తెరిచింది, సత్య తెరిచింది, అనిర్బాణ్ తెరిచాడు. పక్కకు చూస్తే కుర్చీలో పిషీ కూడా తనకు తెలియకుండానే నోరు తెరుచుకుని ఉంది. ఇంతమందిని చూసి తుతుల్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వులోకి పాయసం జారిపోయింది. చప్పరించింది. ఆలోచించింది. ఇంకా కావాలని నా వేలు పట్టుకుని లాగింది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

నాలుగైదు చెంచాలు తిని, మిగిలినది ఉమ్మేసి, గిన్నెలో చేయి పెట్టి కలిపేసింది. సత్య గిన్నె తీయబోయింది. ఠాకుమా ఆపింది. తను నేల మీద చతికిలబడి, గిన్నె అందుకుని, పిల్ల తిని వదిలిన పాయసం తినడం మొదలుపెట్టింది.

పెద్దమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. "పొద్దున్నుంచీ నీళ్ళే తాగిందిరా. పిల్ల తినకుండా నానేలా తింటానందట. ఇన్నేళ్ళ బట్టీ చూస్తన్నాను, ఈవిడ ఎవుళ్ళ ఎంగిలీ ముట్టదు. కన్నకొడుకుదైనా ముట్టదు."

ఠాకుమా ఎవరివైపూ చూడలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిని, అడుగున మిగిలింది వేలితో తుడుచుకుంది. పిషీ మోకాళ్ళు పట్టుకుని కుర్చీలోంచి లేచి వచ్చి, నా ముందు వంగి, తుతుల్ మూతికి అంటుకున్న పాయసాన్ని తన కొంగుతో తుడిచింది.